గ్యాసు వరుసకు నేను పెట్టిన పేరు

నేను పనిచేసిన బొగ్గు బాయిని నేను ఎన్నడూ లోపలికి వెళ్లి చూడలేదు. పైన ఉండే ఆఫీసు, ల్యాంప్ రూము, ఫ్యాన్ హౌసు, హాజరు వేసే మస్టరు కిటికీ, ఇవే నాకు తెలిసిన గని. ఆ రోజుల్లో ఆడవాళ్లు భూగర్భ గనిలో దిగి పనిచేయడానికి చట్టం ఒప్పుకునేది కాదు. లోపల గాలి ఎట్లా ఉందో ముప్పై ఏళ్లకు పైగా కాగితం మీద రాసిన నేను, ఆ గాలిని ఒక్కసారి కూడా పీల్చలేదు.

ఇప్పుడు గోదావరిఖని చుట్టుపక్కల గని ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చోవడానికి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, పైన ఫ్యాను కింద కూర్చునే పనిలో భయపడేదేముందని. వాళ్లకు జవాబుగానే ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి, రాసిన పరీక్షల గురించి ఇందులో ఏమీ ఉండదు. ఒక తప్పు గురించి ఉంటుంది. అది నేను చేసిన తప్పు.

గాలి సెక్షన్

మా నాన్న బాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే టింబరు పనివాడు. ఆ పైకప్పే మీద కూలి చనిపోయాడు. ఇంట్లో మగపిల్లలు లేరు కాబట్టి ఆ ఉద్యోగం నాకు వచ్చింది. మొదటి నాలుగేళ్లు ఫైళ్లు మోశాను, సార్లకు మంచినీళ్లు ఇచ్చాను. తర్వాత టైపు నేర్చుకుంటే వెంటిలేషన్ సెక్షన్లో కుర్చీ దొరికింది. మేం దాన్ని గాలి సెక్షన్ అనేవాళ్లం.

అక్కడ అసలు పని ఒక రిజిస్టరు. ప్రతి షిఫ్టులో సర్దారులు లోపల గ్యాసు పరీక్ష చేస్తారు. పైకి వచ్చాక ఏ లెవెల్లో, ఏ మూలలో మీథేన్ ఎంత ఉందో ఆ రిజిస్టరులో రాస్తారు. ఆ అంకెలన్నీ చూసి, వాటిలో పెద్దది ఏదో ఒక చిన్న కాగితం మీద ఎత్తి రాసి మేనేజరు బల్ల మీద పెట్టడం నా పని. చెప్పడానికి ఇంతే. అయితే ఆ గ్యాసు నూటికి అయిదు పాళ్లకు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే మా దగ్గర ముప్పావు శాతం దగ్గరే గంట మోగాలి. ఒకటింబావు దగ్గర కరెంటు ఆపి మనుషులను బయటికి తేవాలి. ఈ రెండు అంకెలు నాకు నా పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు.

నా మొదటి ఆఫీసరుకు ఒక అలవాటు ఉండేది. రిజిస్టరు తెరిచే ముందు సర్దారును ఎదురుగా నిలబెట్టి, లోపల ఎట్లుందో నోటితో చెప్పించుకునేవాడు. తర్వాతే రాసింది చూసేవాడు. రెంటికీ తేడా వస్తే ఆ పూట ఆయనే దిగేవాడు. నాకది చాదస్తం అనిపించేది. రోజుకు గంట వృథా అవుతోందని లోపల విసుక్కునేదాన్ని. ఆయన రిటైరయ్యాక వచ్చిన శ్రీనాథ్ సార్ చదువుకున్నవాడు, చురుకైనవాడు, కాగితం శుభ్రంగా ఉండాలనేవాడు. నాకు ఆయనే నచ్చాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పేరు పెట్టడం

రెండువేల సంవత్సరం దాటిన మొదటి రోజుల్లో మా సెక్షనుకు కంప్యూటరు వచ్చింది. మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. గళ్ల కాగితం లాంటి ఆ షీటులో ప్రతి గడికీ ఒక చిరునామా ఉంటుందని చెప్పారు. పైన అడ్డంగా A, B, C అక్షరాలు, పక్కన నిలువుగా 1, 2, 3 అంకెలు. B వరుసలో నాలుగో గడి అంటే B4. చివరి రోజు మాస్టారు ఇంకో సంగతి చెప్పాడు. గళ్ల గుంపుకు మనమే ఒక పేరు పెట్టుకోవచ్చు. B4 నుంచి B60 దాకా అని ప్రతిసారీ రాయకుండా, ఆ గుంపును గుర్తుపెట్టి పేరు ఇస్తే, లెక్కలో ఆ పేరు రాస్తే చాలు.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. గడికి పేరుంటే నేను ఎన్నడూ చూడని ఆ లోపలి దారులు, లెవెళ్లూ డిప్పులూ, నాకు చుట్టాల్లా దగ్గరైనట్టు అనిపించింది. వారం రోజులు పేర్లు పెడుతూనే ఉన్నాను. ఆ వారంలోనే దాని కట్టుబాట్లు తెలిశాయి. పేరులో ఖాళీ ఉండకూడదు. అంకెతో మొదలు కాకూడదు. 3_LEVEL అని కొడితే ఒప్పుకోలేదు, LEVEL_3 అంటే ఒప్పుకుంది. చిన్న అక్షరాలైనా పెద్ద అక్షరాలైనా దానికి ఒకటే పేరు. ఒక్క C గానీ ఒక్క R గానీ పేరుగా పనికిరావు. తప్పు చేసినప్పుడల్లా కంప్యూటరు టంగుమని మోగి, ఒక డబ్బా తెరిచి, ఇది కుదరదని చెప్పేది. అట్లా మోగే తప్పులకు ఎన్నడూ భయపడకండి. అవి మనల్ని కాపాడే తప్పులు.

మీథేన్ వరుసకు నేను మొదట METHANE అనే పేరు అనుకున్నాను. శ్రీనాథ్ సార్ వెనక నిలబడి చూస్తున్నాడు. పెద్దాఫీసర్లు చూసే షీటు కదా, రసాయన గుర్తులు పెడితే బాగుంటుందన్నాడు. మీథేన్ గుర్తు CH4. సరేనని ఆ వరుస మొత్తం గుర్తుపెట్టి, పైన ఎడమ మూల పేరు రాసే చిన్న పెట్టెలో CH4 అని కొట్టి ఎంటర్ నొక్కాను.

కంప్యూటరు మోగలేదు. తెర మాత్రం ఒక్కసారి పక్కకు ఉరికింది. నా అంకెలన్నీ మాయమై తెల్లటి ఖాళీ గళ్లు కనిపించాయి. చెయ్యి ఎక్కడో తగిలిందనుకుని వెనక్కి వచ్చాను. తర్వాత కింద, అన్నిటిలో పెద్ద అంకె చూపించే గడిలో, =MAX(CH4) అని రాశాను. 0.00 వచ్చింది. ఆ వారం రిజిస్టరులో అన్నీ సున్నాలే. మా బాయిలో గ్యాసు తక్కువ, రోజూ ‘నిల్’ అని రాయడమే మాకు అలవాటు. సున్నా రావడం చూసి లెక్క సరిగ్గా వచ్చిందనుకున్నాను.

జరిగింది ఏమిటో ఇప్పుడే చెబుతాను. మీథేన్ గుర్తు, షీటులో ఒక గడి చిరునామా, రెండూ ఒకటే. CH అనే వరుస ఉంది. అందులో నాలుగో గడి CH4. చాలా దూరంగా, ఎవరూ వెళ్లని చోట, ఖాళీగా ఉంటుంది. నేను పేరు పెట్టానని అనుకున్నాను, కంప్యూటరు నన్ను ఆ గడి దగ్గరికి తీసుకెళ్లింది, అంతే. గడి చిరునామాలా కనిపించే మాటను అది పేరుగా తీసుకోదు. పెద్ద అంకె చెప్పమని నేను అడిగింది ఆ ఒక్క ఖాళీ గడిని. ఖాళీ గడి ఎప్పుడూ సున్నా అనే చెబుతుంది.

పందొమ్మిది రోజులు

షీటు మొదలైన కొన్నాళ్లకు మా బాయిలో ఒక సెక్షన్లో డిపిల్లరింగ్ మొదలైంది. అంటే పైకప్పును మోస్తున్న బొగ్గు స్తంభాలను కూడా తవ్వి తీసేసి, వెనక పైకప్పును కూలనిస్తారు. అట్లా వదిలేసిన ఖాళీని గోఫ్ అంటారు. గ్యాసు అందులో చేరి కూర్చుంటుంది. పైకప్పు ఒక్కసారిగా కూలితే ఆ గ్యాసంతా మనుషులు పనిచేసే చోటికి తోసుకొస్తుంది.

ఆ సెక్షన్లో మొదటి షిఫ్టు సర్దారు ఖాజా చాచా. మా నాన్న జతగాడు. నాన్న పోయిన రోజు ఆయనను బయటికి మోసుకొచ్చిన వాళ్లలో చాచా ఒకడు. రెండో షిఫ్టులో పైకప్పుకు ఆధారాలు పెట్టే సపోర్టు పనివాళ్లలో ఒకడు ఓదెలు. ఓదెలు నా భర్త.

గ్యాసు మెల్లగా పెరిగింది. మొదట 0.1. నాలుగు రోజులకు 0.2. తర్వాత 0.3. మళ్లీ 0.2, మళ్లీ 0.4. ఇవి నాకు ఎట్లా తెలుసంటే, ప్రతి అంకెనూ షీటులో నా చేతులతోనే కొట్టాను. కొడుతూ పక్క సెక్షన్ వాళ్లతో మాట్లాడాను, టీ తాగాను. నా కళ్లు రిజిస్టరు మీద, వేళ్లు మీటల మీద, మనసు కింద వచ్చే ఆ ఒక్క అంకె మీద ఉండేది. అది 0.00 అనేది. ప్రింటు తీసి పంపేదాన్ని. చేత్తో రాసే రోజుల్లో ఇట్లా జరిగేది కాదు. పెద్ద అంకె ఏదని వెతకడానికైనా వరుస మొత్తం చదవక తప్పేది కాదు.

నియమం ప్రకారం ఆఫీసరు రిజిస్టరు చదివి సంతకం పెట్టాలి. శ్రీనాథ్ సార్ ప్రింటు చదివి, రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. ఖాజా చాచా లోపల తన పైవాడైన ఓవర్‌మన్‌కు గ్యాసు పెరుగుతోందని చెప్పాడట. ఓవర్‌మన్ పైకి వచ్చి మా ప్రింటు చూసి, ఆఫీసు లెక్కలో నిల్ ఉంది, నీ మీటరే పాడయిందేమో అన్నాడట. చాచా మీటరును బాగుచేయడానికి పంపించారు. వేరే మీటరు ఇచ్చారు. అదీ అదే చూపించింది. అప్పుడు చాచాకు వయసైంది, కళ్లు మందగించాయి అన్నారట.

ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. నా సున్నా ఆఫీసు దాటి, మెట్లు దిగి, లోపలికి వెళ్లి, కళ్లారా చూసిన మనిషితో వాదిస్తోందని నేను ఎట్లా ఊహిస్తాను?

ఎనిమిది, సున్నా

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం మొదటి షిఫ్టు పైకి వచ్చింది. ఖాజా చాచా ఒంటి మీది మసి కడుక్కోకుండానే మా గదికి వచ్చాడు. సర్దారులు ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడి మాట్లాడేవాళ్లు. ఆ రోజు ఆయన లోపలికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కోపంగా లేడు. అడగడానికి మొహమాటపడుతున్నాడు.

“బేటీ, నేను రాసింది గీ డబ్బల ఏడుంటదో ఒక్కసారి చూపిస్తవా?” అన్నాడు.

ఆ రోజు రిజిస్టరులో ఆయన రాసింది 0.8. అప్పుడే దాన్ని షీటులో ఎక్కించి ఉన్నాను. వేలితో చూపించాను, ఇదిగో చాచా అని. ఆయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. తర్వాత కింద ఉన్నదేమిటని అడిగాడు. అన్నిటిలోకీ పెద్దది అని చెప్పాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు.

“గీ ఎనిమిది పెద్దదా, సున్న పెద్దదా?”

ఆ గడి మీద నొక్కి లెక్క చూశాను. =MAX(CH4). అప్పుడు కూడా అర్థం కాలేదు. పేరు పెట్టెలో CH4 అని కొట్టి ఎంటర్ నొక్కాను. తెర పక్కకు ఉరికింది. తెల్లటి గళ్లు. వాటి మధ్య నల్ల గీతల చట్రంలో ఒక ఖాళీ గడి.

వెనక్కి వచ్చి ఆ సెక్షన్ అంకెలను మొదటి రోజు నుంచి వరుసగా మొదటిసారి చదివాను. ఒకటి, రెండు, మూడు, మళ్లీ రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు ఉంది. బయట ల్యాంప్ రూము దగ్గర రెండో షిఫ్టు వాళ్ల మాటలు అప్పటికే సద్దుమణిగాయి. వాళ్లు దిగిపోయారు. ఆ పొద్దున నేను సద్ది కట్టి ఇచ్చిన మనిషి కూడా దిగిపోయాడు.

శ్రీనాథ్ సార్ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన వచ్చి తెర చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, ముందు షీటు సరిచేద్దాం, పాత ప్రింట్లు ఎన్ని పైకి వెళ్లాయో చూద్దాం, ఆ తర్వాత మేనేజరుకు చెబుదాం, ఒక గంట పడుతుంది అని. ఆయన చెడ్డవాడని మీరు అనుకోకండి. భయపడ్డాడు. ఆయనకు ఆ క్షణంలో గనికంటే తన పందొమ్మిది సంతకాలే కనిపించాయి. నాకు నా ఇల్లు కనిపించింది. భయంలో ఎవరికి వాళ్లకు వేరే వేరే బొమ్మలు కనిపిస్తాయి.

ఖాజా చాచా మా ఇద్దరి మాటలూ విన్నాడు. బయటికి నడిచాడు. కిటికీలోంచి చూస్తే ల్యాంప్ రూము వైపు వెళ్తున్నాడు. షిఫ్టు అయిపోయిన మనిషి మళ్లీ లోపలికి దిగడానికి దీపం అడిగి తీసుకుంటున్నాడు.

అప్పుడు నేను ఫోను ఎత్తాను. నా ఆఫీసరును దాటి మేనేజరుతో మాట్లాడటం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. తొమ్మిది మాటల్లోనో పది మాటల్లోనో చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

“తప్పు గాలిలో ఉందా అమ్మా, లెక్కలో ఉందా?”

“లెక్కల ఉంది సార్. గాలి మాత్రం ఖాజా చాచా రాసినట్టే ఉంది,” అన్నాను.

ఫోను పెట్టేసిన శబ్దం వినిపించింది. నిమిషం తిరగకముందే ఆ సెక్షనుకు కరెంటు ఆపారు.

ఫోను పక్కన

ఆ తర్వాత రెండు గంటల గురించి వివరంగా రాయలేను. లోపలి సెక్షన్ నుంచి పైకి ఒక ఫోను ఉంటుంది. అది మోగితే నేను తీయాలి. మోగకపోతే కూర్చోవాలి. గోడ మీద గని పటం ఉంది. దాని మీద ఆ సెక్షన్ నా బొటనవేలంత ఉంటుంది. అక్కడినుంచి మనుషులు నడిచే దారి మీద వేలు పెట్టి, ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చి ఉంటారు, ఇప్పుడు ఇక్కడిదాకా అని లెక్కపెట్టుకున్నాను. నాకు ఆ దారి ఎంత ఎత్తుంటుందో, ఎంత చీకటో తెలియదు. తెలియకపోవడం వల్ల భయం తక్కువ కాలేదు, ఎక్కువైంది. చూసిన చోటు గురించి భయపడితే దానికొక హద్దు ఉంటుంది.

ఒకసారి మోగింది. గోఫ్ అంచున మీటరు ఒకటిన్నర చూపించిందని మేనేజరుకు చెప్పమన్నారు. ఒకటింబావు దగ్గరే మనుషులు ఉండకూడదు. ఒకటిన్నర దగ్గర, కరెంటు యంత్రాల పక్కన, కరెంటు ఆపేదాకా వాళ్లు అరగంట పనిచేశారు.

మనుషులు ఒక్కొక్కరే పైకి వచ్చారు. మస్టరు కిటికీ దగ్గర పేర్లకు టిక్కులు పెట్టారు. ఓదెలు చివరి నలుగురిలో వచ్చాడు. సపోర్టు పనివాళ్లు చివరనే వస్తారు, అది వాళ్ల పని పద్ధతి. అది తెలిసి కూడా ఆ నలుగురు కనిపించేదాకా నేను కిటికీ చువ్వ వదల్లేదు. సద్ది డబ్బా చేతిలో పట్టుకుని నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. తినలేదనీ, ఇంటికి పోయి తింటాననీ చెప్పి సైకిలు తీశాడు. వాళ్లకు కరెంటు పోయిందని మాత్రమే తెలుసు.

ఆయన వెనకే ఖాజా చాచా వచ్చాడు. దీపం అప్పగించి ఇంటికి వెళ్లిపోయాడు.

ఏమీ జరగలేదు. ఈ ముక్క మీకు గట్టిగా చెప్పాలి. పేలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. గాలి దారులు సరిచేశారు, నాలుగు రోజుల్లో గ్యాసు దిగింది, సెక్షన్ మళ్లీ నడిచింది. అందుకే చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. ఏం కాలేదు కదా అంటారు. నా భయం మాత్రం అక్కడే మొదలైంది. అది రాబోయేదాని గురించి కాదు. అయిపోయిన ఆ పందొమ్మిది రోజుల గురించి.

సంజాయిషీ

రెండో రోజు ఒక సంజాయిషీ కాగితం తయారైంది. కంప్యూటరులో సాంకేతిక లోపం ఏర్పడిందనీ, సర్దారు సకాలంలో తెలియజేయలేదనీ అందులో ఉంది. శ్రీనాథ్ సార్ సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నాన్న చావుతో వచ్చిన ఉద్యోగం, అది పోతే ఏం చేయాలన్న భయంతో పెట్టాను. పేరు తప్పుగా పెట్టడం తెలియక చేసిన తప్పు. ఈ సంతకం తెలిసి చేసిన తప్పు. రెంటిలో ఏది పెద్దదో నన్నెవరూ అడగక్కర్లేదు.

మరునాడు పొద్దున్నే వెళ్లి ఆ కాగితం వెనక్కి అడిగాను. కంప్యూటరుకు లోపం లేదు సార్, నేను చెప్పిందే అది చేసింది, చాచా రోజూ చెప్పాడు అన్నాను. ఆయన కాగితం సొరుగులోంచి తీసి ఇచ్చాడు. చించలేదు, అరవలేదు. తనకు కూడా అది బరువుగానే ఉండి ఉంటుంది. నేను నా చేతిరాతతో ఇంకోటి రాశాను. నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. ఆయనకు బదిలీ అయింది. ఖాజా చాచాకు శిక్ష లేదు. మెచ్చుకోలు కూడా లేదు.

ఓదెలుకు వారం తర్వాత చెప్పాను. అన్నం తింటున్నాడు. విని ముద్ద పళ్లెంలో పెట్టాడు.

“నువ్వు చెప్పకపోతే నాకు ఎన్నడు తెలుస్తుండె? ఎందుకు చెప్పినవ్?” అన్నాడు.

“నీ నెత్తి మీదనే పెట్టిన గా సున్న. నీకు చెప్పకుంటే ఎవరికి చెప్పాలె?”

పళ్లెం ఖాళీ చేసి లేచాడు. అయితే ఆ మర్నాటి నుంచి, తను రిటైరయ్యేదాకా, డ్యూటీకి దిగే ముందు మా కిటికీ దగ్గర ఆగి ఇయ్యాల ఎంతుందని అడిగేవాడు. నేను షీటు మూసి, రిజిస్టరు తెరిచి, చేత్తో రాసింది చదివి చెప్పేదాన్ని.

మీరు చేయవలసింది

గుంపుకు పేరు పెట్టాక, ఆ పేరును మళ్లీ ఎంచుకుని చూడండి. మీరు అనుకున్న గళ్లే మెరుస్తున్నాయా లేదా చూడండి. తర్వాత ఆ వరుసలో కావాలని ఒక అబద్ధపు అంకె వేయండి, తొంభై తొమ్మిది లాంటిది. కింద అది కనిపించాలి. కనిపించకపోతే మీ లెక్క మీ వరుసను చూడటం లేదు. నేనిది చేయడానికి అర నిమిషం పట్టేది. ఆ అబద్ధాన్ని చెరపడం మాత్రం మరిచిపోకండి.

అక్షరాల వెంట అంకె వచ్చే పేరు దేనికైనా మధ్యలో ఒక కింది గీత పెట్టండి. ఆ మధ్యాహ్నం తర్వాత కొట్టి చూశాను, O2 ఒక గడి, CO2 ఒక గడి. ప్రాణవాయువు కూడా గడే. వాటికి అప్పటికి నేనింకా పేర్లు పెట్టలేదు, బతికిపోయాను. అప్పటినుంచి నా మీథేన్ వరుస పేరు GAS_METHANE.

ఇంకొకటి. గుంపుకు పేరు పెట్టినప్పుడు ఎన్ని గళ్లు ఉన్నాయో అన్నే ఉంటాయి. చివర్లో కొత్త గడి కలిపితే అది ఆ పేరు కిందికి రాదు. లోపల ఒక కొత్త పరీక్ష చోటు మొదలైన రోజున, దాని అంకె వరుసలో ఉండి కూడా లెక్కలో లేకుండా పోతుంది.

చాలా ఏళ్లకు కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు అందరూ సంతోషపడ్డారు, షీటు పెద్దదైంది, వరుసలు ఎన్నో రెట్లు పెరిగాయి అని. నాకు మాత్రం భయం వేసింది. షీటు పెద్దదైతే చిరునామాలు కూడా పెరుగుతాయి కదా. అనుకున్నట్టే అయింది. మూడో డిప్పుకు నేను ఎప్పుడో పెట్టుకున్న DIP3 అనే పేరు పాత షీటులో పేరే, కొత్త షీటులో అదొక గడి. పాత ఫైలు మార్చినప్పుడు కంప్యూటరు ఆ పేరు ముందు ఒక గీత తగిలించి ఊరుకుంది. కానీ అలవాటు చొప్పున ఎవరైనా కొత్త లెక్కలో DIP3 అని కొడితే మళ్లీ ఖాళీ గడి, మళ్లీ సున్నా. మూడు రోజులు కూర్చుని ప్రతి పేరూ చూశాను. నాకు పిచ్చి పట్టిందని నవ్వుకున్నారు. నవ్వనీయండి. ఈ పనిలో భయం పోయినవాళ్లను నేను నమ్మను.

బెల్లంపల్లిలో

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. ఆ నెలలోనే ఖాజా చాచాను చూడటానికి బెల్లంపల్లి వెళ్లాను. ఆయన ఎప్పుడో రిటైరై అక్కడే కూతురి దగ్గర ఉంటున్నాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగు మాటలకొకసారి ఆగుతాడు. ఇన్నేళ్లలో ఆ రోజు గురించి మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయనకు క్షమాపణ చెప్పడానికే వెళ్లాను. చెప్పాను కూడా.

ఆయన చెయ్యి ఊపాడు, ఆ సంగతి వదిలెయ్యమన్నట్టు. కాసేపు దమ్ము తీసుకున్నాడు.

“నీకో మాట చెప్పలే బేటీ,” అన్నాడు. “నేను గా దినం కొట్లాడనీకి రాలే. తక్కిన సర్దార్లు గూడ అందరు నిల్ అంటుండ్రు. మీటర్ మార్చిండ్రు, కండ్లు మసకైనయన్నరు. నాకు గూడ గట్లనే అనిపించింది. గ్యాసుంటె దీపంల లేచే నీలిమంట కనవడ్తుంది, గాని అది ఉందో లేదో అని నాకే అనుమానం. ఒక్కసారి డబ్బల చూస్త, అండ్ల గూడ నిల్ ఉంటె రేపటి సంది నేను గూడ నిల్ రాస్త అనుకోని వచ్చిన.”

నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. అప్పటిదాకా నేను ఆ పందొమ్మిది రోజులకే భయపడుతూ వచ్చాను. ఇరవయ్యో రోజు గురించి ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు నుంచి రిజిస్టరులో కూడా సున్నా ఉండేది. ఇక షీటును సరిచేసినా, లెక్కను సరిచేసినా, లోపలి సంగతి పైన ఎవరికీ తెలిసే దారి ఉండేది కాదు.

ఆయన కూతురు చాయ్ తెచ్చింది. తాగాను. వచ్చే బస్సు వేళ అడిగి లేచాను.

ఆయనకు నేను కూడా ఒక మాట చెప్పలేదు. ఆ పందొమ్మిదో రోజు బ్యాంకులో పని ఉండి, మూడింటికే వెళ్లిపోతానని నేను సార్‌ను అనుమతి అడిగి ఉన్నాను. సంచి భుజానికి తగిలించుకున్నాను కూడా. ప్రింటరులో కాగితం ఇరుక్కుపోతే, అది తీసి వెళ్దామని పది నిమిషాలు ఆగాను. ఆయన మా గదిలోకి వచ్చింది ఆ పది నిమిషాల్లోనే.